రత్నం చెప్పనన్న మాట

పోయినవారం మనం ఝాన్సీని నూకరత్నం ఇంటి గుమ్మం ముందు ఎండలో నిలబెట్టేసి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. నల్లకోటు చేతి మీద వేసుకుని, నుదుటి చెమట కొంగుతో తుడుచుకుంటూ, మూసి ఉన్న తలుపు వైపే చూస్తోంది. ఆమెను లోపలికి పంపేముందు, మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పనివ్వండి. కథ తెలిసినవాళ్లు ఈలోపు మంచినీళ్లు తాగి రావచ్చు.

నూకరత్నానికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. కాళ్లు నిలవవు, చేతులు చెప్పినట్టు వినవు, మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. బుర్ర మాత్రం మహా చురుకు. తల్లి పోయాక అన్న బంగార్రాజు ఆమెను 'పూలతోట' అనే ఆశ్రమంలో చేర్పించాడు. పదకొండేళ్లు అక్కడే ఉంది. ఆ ఆశ్రమంలో ఆయాగా పనిచేసి, మనసొప్పక మానేసిన స్వర్ణకుమారి ఒకరోజు చోడవరం కోర్టు దగ్గర లాయరు ఝాన్సీని పట్టుకుని, "ఒక మనిషిని బయటికి తేవాలమ్మా" అంది. తెచ్చారు. ఎలా తెచ్చారో ఇన్ని వారాలుగా చదివారు కదా. ఇప్పుడు రత్నమూ, సంధ్యారాణి అనే మరో అమ్మాయీ కలిసి చోడవరంలోనే ఓ పెంకుటిల్లు అద్దెకి తీసుకుని ఉంటున్నారు. స్వర్ణకుమారి పొద్దునా సాయంత్రం వచ్చి, వాళ్లకి ఎక్కడ చెయ్యి కావాలో అక్కడ చెయ్యి వేసి వెళుతుంది.

అంతా కుదుటపడిందనుకుంటుండగా బంగార్రాజు జిల్లా కమిటీకి అర్జీ పెట్టాడు. నా చెల్లెలికి నన్ను గార్డియన్‌ని చేయండి, ఆమె ఎక్కడుండాలో నేను చూసుకుంటాను అని. అది మంజూరైందంటే రత్నం సామాను మళ్లీ పూలతోటకే. దాని మీద విచారణకి గౌరీశంకర్ అనే అధికారి ఇవాళ ఇంటికే వచ్చాడు. ఆయన వెనకాలే బంగార్రాజూ వచ్చాడు. అదీ సంగతి. ఇక తలుపు దగ్గరికి రండి.

స్వర్ణకుమారి తలుపు కొట్టి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది. లోపల్నించి "ఆ... వస్తన్నా" అని వినబడింది. తర్వాత చక్రాల కుర్చీ కదిలిన చప్పుడు. గోడకి తగిలిన చప్పుడు. మళ్లీ నిశ్శబ్దం.

"ఇంతసేపేటి?" అన్నాడు బంగార్రాజు. రోలుగుంట దగ్గర చెరుకు పండించే రైతు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు గానీ కాళ్లకి పొలం మట్టి ఇంకా ఉంది. "సారు ఎండలో నించున్నారు కదా. కిటికీలోంచి సెయ్యెట్టి నాను తీసెస్తాను."

"వద్దు బాబూ. ఈ ఇంటి తలుపు రత్నమే తీస్తాది" అంది స్వర్ణకుమారి.

"లోపల పడిపోయిందేమో?"

"పడిపోతే పిలుస్తాది. పిలిస్తే ఎల్దాం."

"సూసేరా సారూ! తలుపు గడియ తియ్యలేని మనిషిని ఇలగ ఒంటరిగా ఒగ్గేసి, దీన్ని సంసారం అంటన్నారు!"

గౌరీశంకర్ చేతిలో ఫైలు నెత్తి మీద గొడుగులా పట్టుకుని ఝాన్సీ వైపు చూశాడు. ఝాన్సీకి ఆ క్షణంలో చేతులు దురదలు పెడుతున్నాయి. ఆ కిటికీ ఊచల మధ్యనుంచి తనే చెయ్యి దూర్చి గడియ లాగేస్తే బాగుండునని ఉంది. కానీ స్వర్ణకుమారి ఉన్నచోట ఆ పని ఎవరూ చేయలేరు. మొదటిరోజు ఆ ఇంట్లో సామాను దించినప్పుడే ఆవిడ పెట్టిన కట్టుబాటు అది. ఎవరొచ్చినా తలుపు కొట్టాలి, ఆగాలి. ఇంటి ఓనరైనా అంతే, లాయరైనా అంతే, స్వర్ణకుమారైనా అంతే.

"పూలతోటలో గడియలన్నీ బయట పక్కే సార్" అందావిడ నెమ్మదిగా, అధికారితో. "పొద్దున ఎవరో వచ్చి తీస్తే తెల్లారినట్టు. ఇప్పుడు గడియ లోపలి పక్కనుంది. దాన్ని కూడా మనమే తీసెస్తే ఆవిడకి ఇల్లెందుకండీ?"

గడియ కదిలింది. తలుపు ఓరగా తెరుచుకుంది, ఇంకొంచెం తెరుచుకుంది. గడియకి కట్టిన నవారు ముక్క మణికట్టుకి చుట్టుకుని, మొహమంతా చెమటతో, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ రత్నం.

"రండి" అంది. తర్వాత అధికారి కాళ్ల వైపు చూసి, "జోళ్లు... బయట" అంది.

గౌరీశంకర్ బుద్ధిగా జోళ్లు విప్పాడు.

ఝాన్సీ మాత్రం గుమ్మంలోనే ఆగిపోయింది. కారణం ఉంది. నిన్న సాయంత్రం తను దగ్గరుండి ఇల్లంతా సర్దించింది. వాన కారే చోట మంచం మీద పెట్టిన బేసిను తీసి మంచం కిందకి తోయించింది. పొద్దున్నే తలంటి పోసి కొత్త నైటీ వేయమని, కాస్త పౌడరు రాయమని స్వర్ణకుమారికి మరీమరీ చెప్పింది. తీరా చూస్తే రత్నం రంగు వెలిసిన పాత నైటీలోనే ఉంది. బేసిను మళ్లీ మంచం మీదకి ఎక్కి కూర్చుంది. అందులో రాత్రి వాననీళ్లు కూడా ఉన్నాయి.

"ఏటిది స్వర్ణమ్మా?" అంది ఝాన్సీ గొంతు తగ్గించి.

"ఆవిడే ఒద్దంది. నన్నేం చెయ్యమంటారు?" అంది స్వర్ణకుమారి అంతకంటే గొంతు తగ్గించి.

ఇంతలో సంధ్యారాణి పెరటి వంటింట్లోంచి ట్రేలో టీ గ్లాసులతో వచ్చింది. ఆమె సెంటర్లో ఓ టిఫిన్ కొట్టులో చట్నీ రుబ్బుతుంది. విచారణ అని ఇవాళ సెలవు పెట్టింది. "నేను సంధ్యారాణిని. టీ నేనే చేసేను. నాకు చదువు రాలేదు గానీ టీ వచ్చు. పంచదార మాత్రం ఎక్కువ పడిపోతాది. మీకు షుగరుంటే తాగొద్దు" అని గబగబా చెప్పేసి, అందరి మొహాల్లోకీ చూసి, తనకో గ్లాసు తీసుకుని గట్టు మీద కూర్చుంది. గౌరీశంకర్ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, కళ్లు పెద్దవి చేసి, ఇంకో గుక్క తాగాడు.

విచారణ మొదలైంది.

ఇక్కడ మీకో మాట ముందే చెప్పాలి. రత్నం మాట్లాడే తీరుని ఉన్నదున్నట్టు రాస్తే ఈ పేజీల్లో సగం చుక్కలే ఉంటాయి. ఒక్కో మాటకి ఆమె మెడ బిగుస్తుంది, పెదవి ఓ పక్కకి లాగేస్తుంది, ఊపిరి చాలక ఆగుతుంది. మనం మధ్యలో తొందరపడితే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి చుక్కలు నేను కొన్నే వేస్తాను, మిగతావి మీరు వేసుకోండి. మాటలు మాత్రం అన్నీ ఆమెవే.

"అమ్మా, నేను మీ సంగతి తెలుసుకోవడానికి వచ్చాను. మీకేమీ భయం లేదు" అన్నాడు గౌరీశంకర్. మంచి గొంతు, అలిసిపోయిన గొంతు. "ముందు ఇది చెప్పండి. ఇక్కడ మీకెలా ఉంది?"

ఝాన్సీ లోపల్లోపల నవ్వుకుంది. సరిగ్గా తను అనుకున్న ప్రశ్నే! నిన్న సాయంత్రం దీని దగ్గరే మొదలుపెట్టారు. 'ఇక్కడెలా ఉందమ్మా అంటారు. నువ్వేమంటావు? చాలా బాగుందండీ అంటావు. చెప్పు రత్నం, మరోసారి చెప్పు.' కోర్టులో సాక్షులకి చెప్పినట్టే ఓపిగ్గా చెప్పింది. రత్నం ఆ మాట ఒక్కసారీ అనలేదు. కిటికీలోంచి రోడ్డు మీద పోతున్న లారీల వైపు చూస్తూ ఉండిపోయింది. అలిసిపోయిందిలే, రేపటికి చెప్పేస్తుందిలే అనుకుంది ఝాన్సీ.

రత్నం మెడ బిగించింది. ఊపిరి తీసుకుంది.

"బాగోలేదు" అంది.

ఝాన్సీ చేతిలో టీ తొణికింది. "అంటే సార్, ఆమె ఉద్దేశం ఏమిటంటే..."

"అప్పా." రత్నం ఆమె వైపు తిరిగింది. ఈ వైపు అప్ప అంటే అక్క. "నేను... చెప్తన్నాను."

ఝాన్సీ నోరు మూసుకుంది. కోర్టులో ఆమె నోరు మూయించడం పెద్ద పెద్ద ప్లీడర్ల వల్లే కాలేదు, ఇది మాత్రం చిత్రం.

"వాన వస్తే నా మంచం మీదే కారతాది" అంది రత్నం, గడ్డంతో బేసిను వైపు చూపిస్తూ. "సంధ్య టీవీ సౌండు చంపెస్తాది. స్వర్ణమ్మ కూరల్లో కారం... కళ్లంట నీళ్లొచ్చెస్తాయి. బజారుకెళ్దామంటే సందు మొగలో అన్నీ రాళ్లే, కుర్చీ దిగబడిపోతాది. ఎదురింటావిడ నన్ను చూస్తే పిల్లల్ని లోపలికి లాక్కెళ్లిపోతాది. ఒక్కోరోజు... ఏడుపొచ్చెస్తాది."

"నేను సౌండు తగ్గించేను కదా మొన్న!" అంది సంధ్యారాణి గట్టు మీద నుంచి.

"మళ్లీ పెంచేవు."

బంగార్రాజు లేచి నిలబడిపోయాడు. అతని మొహంలో గెలిచిన సంబరం లేదు, నిజం చెప్పాలంటే బాధే ఉంది. "విన్నారు కదా సారూ! దాని నోటితో అదే సెప్పింది. నాను మొదట్నుంచీ మొత్తుకుంటన్నది ఇదే. వాన కారిన కొంపలో, ఏడుసుకుంటా... దీని కోసమేనా మంచి ఆశ్రమంలోంచి లాక్కొచ్చేసేరు? సంకురాత్రికీ ఉగాదికీ దాన్ని సూడ్డానికెళ్లేవోడిని సార్. ఎప్పుడెళ్లినా సుబ్బరంగా తలదువ్వి, పౌడరు రాసి ఉంచేవోరు. ఎలాగున్నావమ్మా అని అడిగితే బాగుంది అనేది. ఒక్కసారంటే ఒక్కసారి బాగోలేదనలేదు. ఏమే రత్నం, అబద్దమేటి? సెప్పు సారుకి."

ఝాన్సీ తల దించుకుంది. కేసు కళ్ల ముందే చేజారిపోతోంది. ఇన్ని నెలలు తిరిగిన తిరుగుడు, పెట్టిన పిటిషన్లు, ఈ పెంకుటిల్లు, ఆ లోపలి పక్క గడియ, అన్నీ ఒక్క మాటతో పోయాయి. ఎందుకన్నావే తల్లీ ఆ మాట! అని లోపల్లోపల రత్నాన్ని తిట్టుకుంది కూడా.

గౌరీశంకర్ రాయడం ఆపి అడిగాడు. "మరి అక్కడ బాగుండేదా అమ్మా?"

రత్నం నవ్వింది. నవ్వితే ఆమె ఒళ్లంతా కదులుతుంది, కుర్చీ కూడా కిర్రుమంటుంది.

"కారు వస్తే గంట కొట్టేవారు" అంది. "ఎవరైనా పెద్దోళ్లు వస్తన్నారంటే. పౌడరు రాసేవారు. కొత్త నైటీ తొడిగేవారు. కారు వెళ్లిపోతే నైటీ విప్పేసి బీరువాలో పెట్టేసేవారు. మాటొచ్చినోళ్లకి పాట నేర్పేరు. నాకు మాట రాదు కదా. నా మాట వినడానికి ఎవరికి ఖాళీ? అందుకని నాకు ఒక్కటే నేర్పేరు. పొద్దునా అదే. సాయంత్రం అదే. సరిగ్గా అనేదాకా అన్నం పళ్లెం... దూరంగా పెట్టేవారు."

"ఏమిటది?"

"బాగుంది."

అప్పుడు విన్నది ఝాన్సీ. ఇంతకాలం తనకి తెలియనిది ఇప్పుడు వినబడింది. మెడ బిగుసుకోలేదు, పెదవి లాగలేదు, ఊపిరి ఆగలేదు. మనందరం అన్నంత తేటగా, గుండ్రంగా వచ్చిందా మాట. రత్నం నోట తడబాటు లేకుండా వచ్చే మాట ప్రపంచం మొత్తమ్మీద అదొక్కటే.

స్వర్ణకుమారి మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆమెకి తెలుసు. ఆ పళ్లెం దూరంగా పెట్టమన్నరోజే ఆమె ఆ ఉద్యోగం మానేసింది.

బంగార్రాజు ఇంకా నిలబడే ఉన్నాడు. "నీకు మాటొచ్చిందనుకున్నాను కదే" అన్నాడు. "మొదటిసారి నువ్వలగ అన్నరోజున ఇంటికొచ్చి... మా చెల్లికి మాటొచ్చింది, మా చెల్లికి మాటొచ్చింది అని ఊరంతా మిఠాయి పంచేను కదే రత్నం."

సంధ్యారాణి టీ తాగడం ఆపేసింది.

"నాకైనా సెప్పకపోయేవా? నాను పరాయోడినేటి? నీ అన్నని."

"అన్నియ్యా, నువ్వొచ్చినప్పుడు నా భుజమ్మీద చెయ్యి... ఎవరిది?"

బంగార్రాజుకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి కుర్చీలో కూలబడ్డాడు. పూలతోట మేనేజరు ఉదయ్‌కుమార్ ఎప్పుడూ రత్నం వెనకాలే నిలబడేవాడు, భుజమ్మీద చెయ్యి వేసి. ఎంత ఆప్యాయమైన మనిషి అనుకునేవాడు బంగార్రాజు. ఇంటికొచ్చి భార్యతో కూడా చెప్పేవాడు, కన్నబిడ్డలా చూసుకుంటున్నాడే ఆయన అని. ఈ అర్జీ పెట్టించింది కూడా ఆ ఉదయ్‌కుమారే. చెల్లెలికి ఆ అద్దింట్లో ఏమైనా అయితే నలుగురూ నీ మొహాన ఉమ్మేస్తారయ్యా అని ఫోన్లు చేసి చేసి పెట్టించాడు.

రత్నం ఝాన్సీ వైపు తిరిగింది. "నిన్న అప్ప కూడా... అదే నేర్పింది. కొత్త నైటీ. పౌడరు. చాలా బాగుందండీ."

ఝాన్సీకి చెంప ఛెళ్లుమన్నట్టయింది. తలెత్తి గౌరీశంకర్ని చూడలేకపోయింది. సొంత గొంతు ఉన్న మనిషి అని పిటిషన్లో తనే రాసింది. ఆ రాసిన చేత్తోనే నిన్న ఆ గొంతులోకి తన మాట కుక్కబోయింది. వాళ్లకీ తనకీ తేడా ఏముంది? తను కోప్పడకుండా నేర్పింది, అంతేగా! సిగ్గుతో ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నన్ను క్షమించు రత్నం" అంది, అందరి ముందూ.

"నీకు తెల్దు కదప్పా. ఏటీ అనుకోకు" అంది రత్నం. మళ్లీ అధికారి వైపు తిరిగింది. ఇప్పుడు ఆమె మొహంలో నవ్వు లేదు. చెప్పదలుచుకున్నది పెద్దది. దానికి కావలసినంత ఊపిరి కూడదీసుకుంటోంది. ఈసారి ఎవరూ తొందరపడలేదు. బంగార్రాజు కూడా.

"సార్, ఇక్కడ బాగోలేదంటే... బాగోలేదని చెప్పొచ్చు. కారం ఎక్కువైందని నేనంటే స్వర్ణమ్మ తగ్గిస్తాది. తగ్గించకపోతే నేను తిడతాను. సంధ్యా నేనూ దెబ్బలాడుకుంటాం. రెండ్రోజులు మాటలుండవు. మళ్లీ టీ ఇస్తాది. ఎదురింటావిడ పిల్ల నిన్న నాకు టాటా చెప్పింది, వాళ్లమ్మ చూడకుండా. ఏడుపొస్తే ఏడుస్తాను. నా ఇంట్లో. ఆ ఏడుపు కూడా నాదే. అక్కడ... అది కూడా లేదు."

గౌరీశంకర్ రాసుకోవడం మరిచిపోయాడు. ఎన్ని విచారణలు చేసి ఉంటాడు, ఎన్ని సంస్థల్లో ఎన్ని 'బాగుంది'లు విని, ఎన్ని రిపోర్టులు రాసి ఉంటాడు! అవన్నీ ఇప్పుడు గుర్తొస్తున్నట్టున్నాయి ఆయనకి. కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని అడిగాడు.

"అయితే మీరు ఎక్కడుంటారమ్మా?"

"ఇక్కడే. వాన కారినా ఇక్కడే." ఆగి, "పెంకులు మార్పించమని మా ఓనరుకి కూడా చెప్పండి, పన్లోపని" అంది.

గౌరీశంకర్ ఫక్కున నవ్వాడు. నవ్వి, నవ్వినందుకు కాస్త సర్దుకున్నాడు.

ఎంత మనిషివే తల్లీ! అనుకుంది ఝాన్సీ. ఇన్నేళ్ల ప్రాక్టీసులో పేరున్న లాయర్ల వాదనలు విన్నది. వాళ్లంతా మాటల మీద మాటలు పేరుస్తారు. ఈ పిల్ల ఒక్కో మాటకీ చెమటోడుస్తుంది, అందుకేనేమో ఒక్కటి కూడా వృథా పోనివ్వదు. ఆమె తరఫున వాదిస్తున్నానని ఇన్నాళ్లూ అనుకుంది గానీ, ఆమె పక్కన కూర్చునే అదృష్టం తనకి దక్కిందని ఇప్పుడు తెలిసింది.

బంగార్రాజు లేచొచ్చి చెల్లెలి కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాడు. వెనకాల కాదు, ఎదురుగా. "సారూ, ఆ అర్జీ నాకొద్దు. ఎనక్కి తీసీసుకుంటాను. ఎక్కడ సంతకం ఎట్టాలో సూపించండి."

"మీరు వెనక్కి తీసుకుంటే ఇక కమిటీ దాకా వెళ్లే పనే లేదు. ఇక్కడితో ముగిసిపోతుంది" అన్నాడు గౌరీశంకర్ కూడా తేలికపడి. ఫైల్లోంచి ఒక తెల్లకాగితం తీసి పెన్ను చేతికిచ్చాడు.

ఝాన్సీకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. స్వర్ణకుమారి "స్తోత్రం ప్రభువా" అని కళ్లు మూసుకుంది. సంధ్యారాణి ఇంకోసారి టీ పెట్టడానికి లేచింది.

"వద్దు" అంది రత్నం.

బంగార్రాజు పెన్ను అలాగే ఆగింది.

"వెనక్కి తియ్యొద్దు అన్నియ్యా. అర్జీ ఉండనీ. నేను కమిటీ ముందుకి... వస్తాను."

"అదేటి రత్నం!" ఝాన్సీ ఆగలేకపోయింది. "కేసు అయిపోయింది. గెలిచేం. ఇప్పుడు అక్కడికెందుకు?"

"ఆ కమిటీలో ఎవరెవరు కూర్చుంటారు?"

అది ఇద్దరికీ తెలుసు. కలెక్టరుగారు ఉంటారు. ఆయన పక్కన, జిల్లాలోని స్వచ్ఛంద సంస్థల తరఫున సభ్యుడిగా ఉదయ్‌కుమార్ ఉంటాడు.

"అచ్చియ్యమ్మ ఇంకా అక్కడే ఉంది" అంది రత్నం. "నా పక్క మంచం. నాకు అన్నం దూరంగా పెట్టినరోజు తన ముద్ద దాచి తెచ్చేది. ఆవిడకి అన్న లేడు, ఎవరూ లేరు. ఆవిడని ఎలాగున్నావని అడగడానికి కూడా ఎవరూ రారు. ఆవిడ కోసం అర్జీ ఎవరు పెడతారు? ఈ అర్జీ ఉంటేనే కదా నన్ను ఆ గదిలోకి పిలుస్తారు. పిలిస్తేనే కదా చెప్తాను."

ఝాన్సీ లాయరు బుర్ర గిర్రున తిరిగింది. "చూడు రత్నం, ఉన్నది ఉన్నట్టు చెప్తాను. అక్కడికెళ్తే ఏదైనా జరగొచ్చు. మీ అన్నయ్య వద్దన్నా సరే, ఈమెకి గార్డియన్ కావాలి అని కమిటీ అనుకుంటే, ఒక సంస్థని గార్డియన్‌గా వేసే అధికారం వాళ్లకుంది. పూలతోటనే వేసెయ్యొచ్చు. అప్పుడు ఈ ఇల్లు పోతుంది. ఆ గడియ పోతుంది. నువ్వు మళ్లీ గంట కొడితే పౌడరు రాయించుకుని కూర్చోవాలి. కనీసం ఉదయ్‌కుమార్ని ఆరోజు తప్పుకోమని అడుగుతాను."

"తప్పుకోమనకు" అంది రత్నం. "ఆయనుండాలి. ఎదురుగా."

ఆమె చెయ్యి కుర్చీ చేతి మీద వణుకుతోంది. అది జబ్బు వణుకో భయమో ఝాన్సీకి తెలియలేదు. భయమే అయ్యుండొచ్చు. పదకొండేళ్లు అక్కడున్న మనిషికి ఆ మాత్రం భయం లేకుండా ఎలా ఉంటుంది? భయపడుతూనే ఆ మాట అంది, అదీ గొప్ప. ఝాన్సీ గౌరీశంకర్ వైపు చూసింది. ఆయన రత్నం వైపు చూస్తున్నాడు. బంగార్రాజు పెన్ను మూత పెట్టి, కాగితం మీద పడేసి వెనక్కి తోసేశాడు.

"సరే" అంది ఝాన్సీ చివరికి. "అయితే అక్కడ ఏం చెప్తావు?"

రత్నం పెదవి ఓ పక్కకి లాగింది. నవ్వొస్తోంది.

"ఇప్పుడు చెప్పను. నువ్వు మళ్లీ నేర్పేస్తావు."

స్వర్ణకుమారి పకపకా నవ్వేసింది. ఝాన్సీ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. సరిగ్గా అప్పుడే బంగార్రాజు చొక్కా జేబులో ఫోను మోగింది. తీసి చూసుకున్నాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఉదయ్‌కుమారు గారు. విసారణ ఎలాగైందో సెప్పమన్నారు పొద్దున్న. ఇక్కడ జరిగింది తెలిస్తే ఇంక కమిటీకి రారు."

ఫోను మోగుతూనే ఉంది. బంగార్రాజు దాన్ని అరచేతిలో పెట్టుకుని చెల్లెలి ముందుకి చాపాడు. జీవితంలో మొదటిసారి, ఏం చెయ్యాలో ఆమెనే అడిగాడు.

"ఏటి సెప్పమంటావమ్మా?"

రత్నం ఫోను వైపు చూసింది. మెడ బిగుసుకోలేదు, పెదవి లాగలేదు. తేటగా, గుండ్రంగా చెప్పింది.

"బాగుంది. బాగుందని చెప్పు."